నూకరాజుకు కోపం నేర్పిన ఆసుపత్రి

ఆ జిల్లా ప్రభుత్వ మానసిక వైద్యశాలలో నూకరాజంత సాధువు మరొకడు లేడన్న విషయంలో డాక్టర్లకూ, నర్సులకూ, తోటి రోగులకూ భేదాభిప్రాయం లేదు. ముప్పై ఏళ్లు నాటకాల కంపెనీలో మంత్రి వేషం కట్టిన మనిషి. ఆ వేషానికి ఉన్నవి రెండే మాటలు. రాజు పిలిస్తే "చిత్తం ప్రభూ", రాజు తిడితే "క్షమించండి ప్రభూ". బయట బతుకు కూడా ఆ రెండు మాటలతోనే నెట్టుకొచ్చాడు. అద్దె పెంచిన ఇంటాయనకూ చిత్తమే, జీతం ఎగ్గొట్టిన కంపెనీ యజమానికీ చిత్తమే. కంపెనీ మూతబడి కిరీటాలూ గదలూ తుక్కు కింద అమ్మేసిన రోజున కూడా నోరెత్తలేదు. ఆ తర్వాత దేనికీ ఎత్తలేదు. గోడవైపు తిరిగి పడుకుని అన్నం వద్దన్నాడు, మాట వద్దన్నాడు, చివరికి మంచినీళ్లు కూడా వద్దంటే భార్య పైడమ్మ హడలిపోయి, బస్టాండు పక్కనున్న తన టీ కొట్టు మూసేసి, ఆటోలో వేసుకుని ఇక్కడికి తెచ్చింది.

మందులు పనిచేశాయి. మందులు పనిచేయని చోట హెడ్ నర్సు ఎస్తేరు సిస్టరు నోరు పనిచేసింది. నూకరాజు లేచి కూర్చున్నాడు, తిన్నాడు, నవ్వాడు, పక్క మంచం వాళ్లకు గడ్డాలు కూడా గీశాడు. డాక్టరుగారు సంతోషించి, "వచ్చే గురువారం మీ ఆవిడ రాగానే ఇంటికి పంపించేస్తాం" అన్నారు. నూకరాజుకు కావలసిందీ అదే. పైడమ్మ చేతి చేపల పులుసుతో కడుపునిండా తిని, కొట్టు వెనక బల్లమీద తనకు తోచినప్పుడు నడుం వాల్చడం. అంతకు మించి ఆ మనిషి ఈ లోకాన్ని అడిగింది లేదు.

సరిగ్గా ఆ వారమే పైనుంచి ఉత్తర్వు దిగింది.

ఎక్కడో ఏదో ఆసుపత్రిలో ఎవరో రోగి, తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి మీదికి మజ్జిగ గ్లాసు విసిరాడట. గ్లాసు తగల్లేదు, మజ్జిగ తగిలింది. వార్డుబాయి మీద పడి ఉంటే అది మజ్జిగే అయ్యేది. అధికారి మీద పడింది గనక హింస అయింది. ఇకమీదట ప్రతి మానసిక వైద్యశాలలోనూ 'హింసా ముప్పు నివారణ విభాగం' ఉండి తీరాలని హుకుం. ఆ విభాగాన్ని నెలకొల్పడానికి ముప్పు నిర్వహణాధికారి త్రిలోచనరావుగారు వేంచేశారు. ఆయన అంతకు ముందు మరో శాఖలో మిడతల ముప్పు చూసేవారు. ఆయన ఉన్నంతకాలం ఆ జిల్లాలోకి ఒక్క మిడత రాలేదు. ఆయన రాకముందు కూడా రాలేదనుకోండి, అయినా సన్మానం మాత్రం జరిగింది.

మొదటి సమావేశంలో ఆయన ఉత్తర్వు చదివి వినిపించారు.

"సదరు విభాగము వారమునకొక పర్యాయము హింసాత్మక సంఘటన నొకదానిని కల్పించి, దానిని అదుపు చేయు విధానమును సిబ్బందిచే అభ్యసింపజేయవలెను. సంఘటన సహజముగా ఉండవలెను."

సూపరింటెండెంటు డాక్టర్ పరాంకుశంగారు గొంతు సవరించుకున్నారు. "చేస్తాం సార్. ఎవరైనా అటెండరు చేత అరిపిద్దాం."

"కుదరదు. ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణలో హింసకు పాల్పడరాదు. నటించుట కూడా పాల్పడుటలో భాగమే."

"అయితే కాస్త దురుసుగా ఉండే పేషెంటు చేత..."

"ముప్పుగల రోగితో డ్రిల్ నిర్వహించుట ముప్పు. ముప్పు బొత్తిగా లేని రోగి కావాలి."

అందరికీ ముప్పు మార్కులు వేశారు. దిండు విసిరినవాడికి ఇన్ని, పళ్లు కొరికినవాడికి ఇన్ని. ఉప్మా బాలేదన్నవాడికి కూడా ఒక మార్కు పడింది. ఆసుపత్రి మొత్తం మీద సున్నా వచ్చినవాడు నూకరాజు ఒక్కడే. పైగా నటుడు. త్రిలోచనరావుగారు ఆ సున్నా చుట్టూ ఎర్ర సిరాతో ఇంకో సున్నా చుట్టారు.

నూకరాజును పిలిపించి సంగతి చెప్పారు. ఆయన చేతులు కట్టుకుని విన్నాడు.

"చిత్తం బాబూ. కానీ గురువారం నన్ను ఇంటికి పంపేత్తారు కదా?"

"డ్రిల్ సవ్యంగా జరిగిన వెంటనే" అన్నారు త్రిలోచనరావుగారు.

మొదటి డ్రిల్ నాడు నూకరాజు చేతికి ప్లాస్టిక్ స్టూలిచ్చి, గోడకేసి కొట్టమన్నారు. ఈల వినబడింది. నూకరాజు స్టూలు రెండు చేతులా ఎత్తాడు. అటూ ఇటూ చూశాడు. ఎవరికీ తగలని చోటు చూసి, కాళ్లు నాలుగూ ఆనేలా నేలమీద పెట్టి, "క్షమించండి ప్రభూ" అన్నాడు. అతన్ని అదుపు చేయడానికి పరుపులు పట్టుకుని దూకిన నలుగురూ ఎక్కడ ఆగాలో తెలియక ఒకరి మీద ఒకరు పడ్డారు. ఫార్మసిస్టుకు మోకాలు దోక్కుపోయింది.

"ఏటి సెయ్యను బాబూ, నాకు కోపం రాదు. సిన్నప్పటి నుంచీ అంతే" అన్నాడు నూకరాజు, ఫార్మసిస్టు మోకాలికి మందు రాస్తూ.

కోపం రాకపోతే నేర్పాలి. 'కోప శిక్షణా ఉపసంఘం' ఏర్పడింది. సభ్యులు ఎవరికి చేతనైన కోపం వాళ్లు చూపించాలని తీర్మానించారు. స్టోర్‌కీపరు, బియ్యం తక్కువ తూచిన కాంట్రాక్టరుతో తానెలా మాట్లాడతాడో చూపిస్తే కిటికీ మీద పావురాలు లేచిపోయాయి. ఫార్మసిస్టు, తన ఇంటి గేటుకు అడ్డంగా బండి పెట్టే పక్కింటాయన్ని తలుచుకుని బల్ల గుద్దితే ఇంకుసీసా దొర్లింది. ఇక పరాంకుశంగారు తన బావమరిదితో స్థలం తగాదా గురించి ఫోనులో ఎలా మాట్లాడతారో మొదలుపెట్టి, కాసేపటికి ఇది శిక్షణ అన్న సంగతే మరిచిపోయి, నిజంగానే బావమరిదికి ఫోను చేశారు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మజ్జిగ పట్టాల్సి వచ్చింది. అందరూ గ్లాసుకు దూరంగా నిలబడ్డారు.

"అద్భుతం! ఇదీ నాకు కావలసింది!" అన్నారు త్రిలోచనరావుగారు కళ్లు తుడుచుకుంటూ. "నియమావళి అడ్డు రాకపోతే మీరే చేసి ఉందురు."

నూకరాజు శ్రద్ధగల విద్యార్థి. కళ్లెర్రజేయడం స్టోర్‌కీపరు దగ్గరా, చెయ్యి విసరడం ఫార్మసిస్టు దగ్గరా, గొంతు పరాంకుశంగారి దగ్గరా పట్టాడు. మొదటిది పాడైంది గనక ఆ వారమే పెట్టిన రెండో డ్రిల్‌లో స్టూలు నిజంగానే విసిరాడు. విసిరి, "ఒరేయ్!" అని గర్జించి, ఎదురుగా పెద్దవాళ్లు కనబడేసరికి అలవాటు చొప్పున "అండీ" అని చేర్చాడు. ఒరేయండీ అన్న ఆ కేకకు వార్డు వార్డంతా పగలబడి నవ్వింది. అయినా డ్రిల్ డ్రిల్లే. పరుపుల జట్టు నాలుగు వైపులా చుట్టుముట్టి, "మీ బాధ మాకు అర్థమైంది, మీరు ఒంటరివారు కారు" అని ఉత్తర్వులోని ఓదార్పు వాక్యాలు కోరస్‌గా చదివింది. నూకరాజు, చెప్పమన్న ప్రకారం "నా కోపం తగ్గింది బాబూ" అని ప్రకటించి చల్లబడ్డాడు. చప్పట్లు కొట్టారు.

గురువారం పైడమ్మ వచ్చింది. ఉతికిన చొక్కా, పంచె సంచిలో పెట్టుకుని వచ్చింది. గేటు దగ్గరే ఆపేశారు.

"మీ ఆయన్ని ఇప్పుడు పంపడానికి వీల్లేదమ్మా" అన్నాడు కాపలావాడు. "చాలా ప్రమాదకరమైన మనిషి."

"ఎవులు? మా ఆయనా?" పైడమ్మ వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసింది. "బొద్దింకని కొట్టమంటే దానికి తోవ సూపించే మనిషయ్యా."

లోపల ఎస్తేరు సిస్టరు ఈ మాటే పట్టుకుని త్రిలోచనరావుగారి గదికి వెళ్లింది. నూకరాజు ఆమె వెనకాలే, తలుపు చాటున నిలబడ్డాడు.

"సార్, ఆయన చేసింది నటన. మీరు చేయమంటేనే చేశాడు. దానికి ముప్పు మార్కులు వేస్తారా?"

త్రిలోచనరావుగారు కుర్చీ వెనక్కి వాలారు. "సిస్టర్, ఆలోచించండి. అది హింస కాకపోతే మనం హింసను అదుపు చేసినట్టు కాదు. అదుపు చేయకపోతే ఈ విభాగం ఏమీ చేయనట్టు. ఏమీ చేయని విభాగాన్ని ప్రభుత్వం ఉంచదు. కాబట్టి అది హింసే."

"ఆయన ఆరోగ్యంగా ఉన్నాడు సార్. నేను రోజూ చూస్తున్నాను."

"మీచేత ఈ మాట అనిపించాడంటే మిమ్మల్ని బెదిరించి ఉండాలి. అది ఇంకో సంఘటన." అని మరో మార్కు వేశారు.

నూకరాజు తలుపు చాటున తన చేతులకేసి చూసుకున్నాడు. ఈసారి మెత్తగా చేస్తే మార్కులు తగ్గుతాయనుకున్నాడు. మూడో డ్రిల్‌లో స్టూలు ముట్టకుండా మౌనంగా నిలబడ్డాడు. త్రిలోచనరావుగారు దగ్గరకొచ్చి ఆయన మొహంలోకి తేరిపార చూసి, "అణచిపెట్టిన హింస. అసలు దానికన్నా ఇదే ప్రమాదం" అని రెట్టింపు వేశారు. అరిస్తే ఒక తంటా, అరవకపోతే రెండు తంటాలు. ఎటు తిప్పినా గురువారం వెనక్కి పోతూనే ఉంది.

అక్కడినుంచి నూకరాజు దశ తిరిగింది. ఎర్ర చొక్కా తొడిగారు. సింహాద్రి, బంగారయ్య అని ఇద్దరు కాపలావాళ్లను వేశారు. స్టీలు కంచం ప్రమాదమని తీసేసి విస్తరాకు వేశారు. విస్తరాకులోని పుల్ల ప్రమాదమని అరిటాకు వేశారు. దిండు లాక్కున్నారు. పక్కమీది దుప్పటి, దోమతెర, చివరికి గోడమీది క్యాలెండరు కూడా ఎత్తుకెళ్లారు, మేకు ఉందని. కిటికీ చువ్వల మీద నురగ అంటించారు. ఇంతటి భయంకరమైన మనిషి ఉన్న వార్డు కాబట్టి అందులో పనిచేసేవాళ్లందరికీ 'ముప్పు భత్యం' మంజూరైంది. విభాగానికి కొత్త ఉద్యోగాలొచ్చాయి. నూకరాజు ఇంటికి పోతే విభాగం మూత, భత్యం రద్దు.

దాంతో ఆసుపత్రిలో నూకరాజంత ప్రియమైన మనిషి లేకుండా పోయాడు. స్టోర్‌కీపరు ఇంట్లో చేసిన గవ్వలు తెచ్చిపెట్టాడు. ఫార్మసిస్టు భార్య అరిసెలు పంపింది. సింహాద్రి, బంగారయ్య రాత్రి పూట కాళ్లు పట్టబోయారు.

"మా గుంటడి కాలేజీ ఫీజు కట్టాలి బాబూ, ఈ నెల కొంచెం గట్టిగా అరవండి" అని సింహాద్రి బతిమాలాడు.

కాదనడం నూకరాజుకు ఎప్పుడు వచ్చింది గనక. చిత్తమన్నాడు. గవ్వలు తీసుకుని పక్క మంచాలకు పంచాడు. వార్డు నిద్రపోయాక మాత్రం, నురగ అంటించిన కిటికీ దగ్గర నిలబడి గేటు వైపు చూసేవాడు. పైడమ్మ ప్రతి గురువారమూ వచ్చి ఆ గేటు అవతల ఎండలో గంటల తరబడి నిలబడి వెళ్తోందని ఎస్తేరు సిస్టరు చెప్పింది. ఆమె అక్కడ అన్ని గంటలు నిలబడిందంటే కొట్టు మూసేసి వచ్చిందన్నమాటే. ఆ సంగతి తలుచుకుంటే గొంతులో ఏదో అడ్డం పడేది. అది దుఃఖం అనుకున్నాడు.

ఈలోగా ఈ ఆసుపత్రి ఖ్యాతి రాజధాని దాకా పోయింది. ఇంత హింసను ఇంత చక్కగా అదుపు చేస్తున్న సంస్థ మరొకటి లేదని, ఆదర్శ వైద్యశాల బిరుదు ఇవ్వడానికి కమిషనరమ్మగారు స్వయంగా బయల్దేరారు. వచ్చేది గురువారమే.

ఆవరణలో షామియానా వేశారు. వేదిక, పూలకుండీలు, శాలువాలు, జీడిపప్పు పళ్లేలు. మైకు పెట్టినవాడు అలవాటు చొప్పున పెళ్లి పాట వేసి తిట్లు తిన్నాడు. రోగులనూ సిబ్బందినీ వరుసగా కుర్చీల్లో కూర్చోబెట్టారు. గేటు కాపలావాళ్లను కూడా పరుపుల జట్టులోకి లాగేశారు, ఆదర్శ డ్రిల్‌లో నలుగురికి బదులు ఎనిమిది మంది ఉంటే బాగుంటుందని. వాళ్లకు బదులు గేటు దగ్గర సింహాద్రి ఒక్కణ్ణే పెట్టారు, అతను కూడా అటు తిరిగి తమాషా చూస్తున్నాడు.

"ఆంధ్ర దేశమున హింస అనునది చిరకాలముగా అస్తవ్యస్తముగా జరుగుచున్నది" అంటూ త్రిలోచనరావుగారు ఉపన్యాసం మొదలుపెట్టారు. "దానికొక క్రమశిక్షణ, ఒక సమయపాలన తెచ్చిన ఘనత మన విభాగానిది."

ఈల మోగింది. ఎర్ర చొక్కా నూకరాజు నేర్పిన ప్రకారం కళ్లెర్రజేసి, నేర్పిన ప్రకారం స్టూలు విసిరాడు. ఎనిమిది మంది ఎనిమిది పరుపులతో ఆయన మీదికి నడిచారు. సరిగ్గా అప్పుడు పైడమ్మ సంచీతో, నాలుగు గిన్నెల క్యారియరుతో లోపలికి వచ్చింది. కాపలావాడు అటు తిరిగి ఉన్న గేటు ఇన్నాళ్లకు దొరికిందామెకు. వచ్చీరాగానే కనబడింది మొగుడి మీద పడబోతున్న ఎనిమిది పరుపులు.

"ఓలమ్మో! నా మొగుణ్ణి సంపేత్తన్నార్రో!"

ఆమెకు ఎవరూ ఏ శిక్షణా ఇవ్వలేదు. క్యారియరు ఎత్తి గిరగిరా తిప్పుతూ వచ్చింది. మొదటి దెబ్బకు మొదటి పరుపు, రెండో దెబ్బకు రెండో పరుపు. అసలు హింస ఎదురయ్యేసరికి జట్టు ఓదార్పు వాక్యాలన్నీ మరిచిపోయి, పరుపులు నెత్తిన వేసుకుని చెట్టెక్కినవాడు చెట్టెక్కాడు, కుండీల వెనక నక్కినవాడు నక్కాడు. క్యారియరు మూత ఊడి, చేపల పులుసు వేదిక మీది శాలువాల మీదుగా వెళ్లి త్రిలోచనరావుగారి ఉపన్యాసం మీద పడింది. ఆయన బల్లకింద దూరారు.

కమిషనరమ్మగారు జీడిపప్పు నములుతూ ముందుకు వంగారు. "చాలా సహజంగా ఉంది" అన్నారు పక్కనున్న పరాంకుశంగారితో. ఆయన నమస్కారం పెట్టారు.

బల్లకిందినుంచి త్రిలోచనరావుగారి గొంతు వచ్చింది. "పట్టుకోండి ఆమెను! తీవ్ర ఉద్రేక లక్షణాలు! ఇంజెక్షన్ ఇచ్చి, పరిశీలన నిమిత్తం ఆడవాళ్ల వార్డులో చేర్చుకోండి!"

ఆజ్ఞ వినబడేసరికి అటెండర్లకు ధైర్యం వచ్చింది. ఇద్దరు వెనకనుంచి వచ్చి పైడమ్మ రెండు చేతులూ విరిచి పట్టుకున్నారు. గాజులు చిట్లాయి. ఆమె అరవడం మానేసి, మొగుడి వైపు చూసింది. ఎప్పుడూ ఎవరికీ భయపడని పైడమ్మ కళ్లలో భయం కనబడింది.

నూకరాజు గొంతులో ఇన్నాళ్లూ అడ్డం పడినది అప్పుడు కదిలింది. అది దుఃఖం కాదని అప్పుడే తెలిసింది.

"సెయ్యి ఒగ్గీండి!"

ఆ గొంతు స్టోర్‌కీపరుది కాదు, పరాంకుశంగారిదీ కాదు. మైకు లేకుండా ఆవరణ నాలుగు మూలలా వినబడింది. వెనక 'అండీ' లేదు. అటెండర్లు నిప్పు తాకినట్టు చేతులు తీసేశారు.

"ముప్పై ఏళ్లు చిత్తం అన్నాను! జీతం ఎగేత్తే చిత్తం, మా కంపెనీని తుక్కు కింద అమ్మీసినా చిత్తం! ఒల్లు బాగయింది, ఇంటికెల్తాను బాబూ అంటే నాకు ఎర్ర సొక్కా తొడిగినారు! మీ ఉజ్జోగాలకి నాను రోగిష్టోణ్ణి కావాలా? దాని సేతిమీద సెయ్యేసిన నా కొడుకెవుడో ముందుకు రమ్మను! ఇది నా పెల్లాం! దాని సేతి ముద్ద తిని నాను బతికినాను, మీ మందులతో కాదు!"

రోగుల వరుసల్లోంచి ఒక ఈల లేచింది. చప్పట్లు. ఆ ప్రాంతపు జనం రాత్రంతా నాటకాలు చూసి పెరిగిన జనం, మంచి ఘట్టం దొరికితే ఊరుకోరు. స్టోర్‌కీపరు కుర్చీ ఎక్కి, "వన్స్ మోర్!" అని అరిచాడు. చెట్లమీద ఉన్నవాళ్లు కూడా అందుకున్నారు. కమిషనరమ్మగారు పళ్లెం పక్కన పెట్టి, నవ్వుతూ వేలెత్తి, "వన్స్ మోర్" అన్నారు.

మంత్రి వేషానికి ఎవరూ వన్స్ మోర్ కొట్టరు. ముప్పై ఏళ్లలో ఆ కేక నూకరాజు పక్కవాళ్ల కోసం విన్నాడు తప్ప తన కోసం వినలేదు. ఒక్క నిమిషం తికమకపడ్డాడు. తన నిజమైన కోపాన్ని వీళ్లు వేషమనుకుంటున్నారని అర్థమైంది. అర్థమయ్యేసరికి మరింత మండింది. మళ్లీ మొదటినుంచి, ఒక్క మాట తగ్గకుండా, నాలుగు మాటలు ఎక్కువే వేసి అరిచాడు. అరిచి, ఎర్ర చొక్కా విప్పి వేదిక మీదికి విసిరేసి, పైడమ్మ చెయ్యి పట్టుకుని గేటువైపు నడిచాడు.

జనం లేచి నిలబడి దారిచ్చారు. ఎస్తేరు సిస్టరు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడుతూ, "గేటు తీయవయ్యా సింహాద్రీ, సీను పాడు చేయకు!" అని కేకేసింది. సింహాద్రి గబగబా గేటు బార్లా తీసి సెల్యూట్ కొట్టాడు. కమిషనరమ్మగారు, అది ముగింపు ఘట్టం కాబోలనుకుని, వాళ్లు రోడ్డు దాటి బస్సెక్కేదాకా నిలబడే ఉన్నారు.

బస్సులో పైడమ్మ, సంచిలోని చొక్కా తీసి ఆయనకు తొడిగింది. "మావా, అది ఆటా, నిజంగా కోపమొచ్చిందా?" అని అడిగింది.

"వచ్చిందే" అన్నాడు నూకరాజు. "ఆకలేత్తంది."

ఆసుపత్రికి ఆదర్శ బిరుదు వచ్చింది. అయితే ఒక చిక్కు కూడా వచ్చింది. అత్యంత ప్రమాదకరమైన రోగి కమిషనరమ్మగారి కళ్లెదుట, సిబ్బంది సెల్యూట్ కొడుతుండగా గేటు దాటిపోయాడని రాస్తే బిరుదు పోతుంది. డిశ్చార్జి చేశామని రాస్తే విభాగం పోతుంది. త్రిలోచనరావుగారు మూడు రోజులు ఉత్తర్వు ముందు పెట్టుకుని కూర్చుని, చివరికి దారి కనిపెట్టారు. అందులో స్పష్టంగా ఉంది, పాత్రధారి తన కోపం తగ్గినట్లు స్వయంగా ప్రకటించే వరకు డ్రిల్ ముగిసినట్లు పరిగణించరాదు అని. నూకరాజు అలా ప్రకటించలేదు. కాబట్టి నూకరాజు ఎక్కడికీ పోలేదు, డ్రిల్ ఇంకా నడుస్తోంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. భత్యం ఆగలేదు, ఉద్యోగాలు ఆగలేదు, బంగారయ్య, సింహాద్రి మాత్రం డ్రిల్ ఎక్కడ నడుస్తోందో అక్కడే ఉండాలి గనక వాళ్లకు బస్టాండు పక్కనున్న పైడమ్మ టీ కొట్టు దగ్గర డ్యూటీ వేశారు. పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూర్చుంటారు. పైడమ్మ వాళ్లచేత నీళ్లు మోయిస్తుంది.

నెలాఖరుకు త్రిలోచనరావుగారికి కొద్దిగా బెంగ పట్టుకుంది. ఈయన ఏ రోజైనా చల్లబడిపోతే ఎలాగని సింహాద్రి చేత కబురంపారు.

"మా అయ్యగారు ఒక్క మాట కనుక్కోమన్నారు బాబూ" అన్నాడు సింహాద్రి, చేతులు నలుపుకుంటూ. "మీ కోపం తగ్గిపోయిందేటి అని."

నూకరాజు కడుపునిండా తిని, అప్పుడే లేచి టీ వడపోస్తున్నాడు. పైడమ్మ చేతులకేసి ఒకసారి చూశాడు. కొత్త గాజులు వేసుకుంది. ఆయన టీ గ్లాసు సింహాద్రి చేతికిచ్చి, మర్యాదగా, మెత్తగా చెప్పాడు.

"నేదని సెప్పు బాబూ. నాకిప్పుడే మొదలయింది."